ఉప్పుకు ఓర్చేది తోకా, తలా?

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

కిందటి సంచికలో ఉప్పు మడులు ఎర్రబడటం గురించి నాలుగు ముక్కలు రాశాను. ఆ ఎరుపు తెచ్చే హాలోబాక్టీరియం లాంటి ఆర్కియా (బాక్టీరియాలా ఒకే కణమున్నా వేరే వర్గానికి చెందిన సూక్ష్మజీవులు) మీద ఉత్తరాలు బాగానే వచ్చాయి. రంగు గురించి అడిగినవాళ్లు కొందరు, కణం చుట్టూ ఉండే పొర గురించి అడిగినవాళ్లు కొందరు. పొర గురించి అడిగినవాళ్ల మీద నాకు కాస్త పక్షపాతం ఉంది. వాళ్లతోనే మొదలుపెడతాను.

ప్రశ్న: మేడమ్, నేను బీఎస్సీ ఫైనలియర్ చదువుతున్నాను. "హాలోబాక్టీరియం కణత్వచంలో (కణం చుట్టూ ఉండే పొరలో) ఈథర్ లిపిడ్లు ఉండటం వల్ల అది అధిక ఉప్పును తట్టుకుంటుంది" అని మా నోట్సులో ఉంది. పరీక్షలో అదే రాశాను, మార్కులు కూడా పడ్డాయి. కానీ మీథేన్ తయారుచేసే ఆర్కియాలో కూడా ఈథర్ లిపిడ్లే ఉంటాయని తర్వాతి పాఠంలో ఉంది. వాటిలో చాలావరకు మంచినీటి బురదలో ఉండేవే కదా! మరి ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుంది?

జవాబు: కుదరదు. మార్కులు పడ్డాయి కాబట్టి టెన్షన్ పడకండి కానీ, మీకు వచ్చిన అనుమానం ఆ నోట్సు కంటే గట్టిది. ఈ ఒక్క వాక్యం ఎన్ని గైడ్లలో చూశానో! కొంచెం నెమ్మదిగా విడదీసి చూద్దాం.

పొరలోని లిపిడ్ (కొవ్వు జాతి) అణువుకు మామూలుగా ఒక తల, రెండు తోకలు ఉంటాయి. వాటిని కలిపి ఉంచేది గ్లిసరాల్. తలకు నీళ్లంటే ఇష్టం, తోకకు పడదు. అందుకని తోకలు లోపలి వైపుకు తిరిగి, తలలు బయటి వైపు నీళ్లకు ఎదురుగా నిలబడి రెండు వరుసల పొర ఏర్పడుతుంది. ఇంతవరకు మనకైనా, ఈ.కోలైకైనా, హాలోబాక్టీరియానికైనా ఒకటే పద్ధతి.

తేడా తోక దగ్గర మొదలవుతుంది. మన పొరల్లో తోకలు కొవ్వు ఆమ్లాలు, అవి గ్లిసరాల్‌కు ఎస్టర్ బంధంతో అతుక్కుంటాయి. హాలోబాక్టీరియం (పేరు అలా ఉన్నా అది బాక్టీరియా కాదు, ఆర్కియా) తోకలు అసలు కొవ్వు ఆమ్లాలే కావు. నాలుగు ఐసోప్రీన్ ముక్కలు వరసగా అతికితే వచ్చే 20 కార్బన్ల గొలుసులవి. వాటిని ఫైటానిల్ అంటారు. ప్రతి నాలుగో కార్బన్ దగ్గర పక్కకు ఒక మిథైల్ కొమ్మ పొడుచుకొని ఉంటుంది. అవి గ్లిసరాల్‌కు ఈథర్ బంధంతో అతుక్కుంటాయి. పైగా గ్లిసరాల్ అమరిక కూడా మనదానికి అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది. ఇదంతా 1960ల్లో కెనడాలోని ఒట్టావాలో మోరిస్ కేట్స్, ఆయన సహచరులు తేల్చారు. అప్పటికి బాక్టీరియా, మనలాంటి జీవులు కాక ఆర్కియా అనే మూడో వర్గం ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు. కార్ల్ వోజ్ ఆ మాట బయటపెట్టింది 1977లో. తర్వాత వెతికిన కొద్దీ ఈ ఈథర్ తోకలు ఆర్కియా అన్నింటిలోనూ కనిపిస్తూ వచ్చాయి. మరుగుతున్నంత వేడి ఆమ్లపు ఊటల్లో ఉండేవాటిలో ఉన్నాయి, చిత్తడి బురదలో ఉండేవాటిలో ఉన్నాయి, మన పేగుల్లో ఉండే మీథనోబ్రెవిబాక్టర్ స్మితీలోనూ ఉన్నాయి. అంటే ఈథర్ తోక ఆ వంశానికి తరతరాలుగా వస్తున్న ఆస్తి. ఉప్పు కోసం ప్రత్యేకంగా సంపాదించుకున్నది కాదు.

మరి ఉప్పు కోసం సంపాదించుకున్నది ఏది? తల.

హాలోబాక్టీరియం పొరలో అన్నింటికంటే ఎక్కువగా ఉండే లిపిడ్ పేరు ఫాస్ఫాటిడైల్ గ్లిసరోఫాస్ఫేట్ మిథైల్ ఎస్టర్. పేరు చివర ఎస్టర్ అని ఉందని కంగారు పడకండి, అది తల కొసన ఉన్న ఫాస్ఫేటుకు తగిలించిన మిథైల్ గురించి. తోకలు ఈథర్‌వే. పొడుగు పేరు కాబట్టి ఇక్కడి నుంచి పీజీపీ-మిథైల్ అందాం. దీని తలలో రెండు ఫాస్ఫేట్లు, రెండు ఋణావేశాలు ఉంటాయి. తల పెద్దది, లావైనది. ఉప్పును బాగా కోరుకునే ఆర్కియాలో ధ్రువ లిపిడ్లలో సగం నుంచి 80 శాతం దాకా ఇదొక్కటే ఉంటుంది. మన పొరల్లో మామూలుగా కనిపించే కోలీన్ తలలు, ఇథనాలమీన్ తలలు అక్కడ అసలు కనిపించవు.

దీన్ని పరీక్షించిన పని ఒకటి 2006లో వచ్చింది, బోరిస్ టెంచోవ్ బృందానిది. నాకు చాలా ఇష్టమైన పని. వాళ్లు రకరకాల ఆర్కియా నుంచి లిపిడ్లు తీసి, వాటితో చిన్న చిన్న బుడగలు చేసి, లోపల కార్బాక్సీఫ్లోరెసిన్ అనే రంగు నింపారు. ఈ రంగు కిక్కిరిసి ఉన్నంతసేపూ పెద్దగా వెలగదు. బుడగ కారి బయటికొచ్చి పలచబడితే వెలుగుతుంది. కాబట్టి ఏ బుడగ కారుతోందో వెలుగే చెప్పేస్తుంది. హాలోబాక్టీరియం లిపిడ్ల బుడగలు ఉప్పు ఏమీ లేని చోటు నుంచి 4 మోలార్ అంత చిక్కటి ఉప్పు దాకా ఎక్కడా కారలేదు, ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టలేదు. మీథేన్ చేసే ఆర్కియా లిపిడ్ల బుడగలు మాత్రం చిక్కటి ఉప్పులో కారిపోయాయి, ముద్దకట్టాయి. గమనించండి, వాటిలో కూడా ఉన్నవి ఈథర్ తోకలే! ఆ తర్వాత వాళ్లు మీథనోసార్సినా మాజేయి అనే మీథేన్ ఆర్కియా లిపిడ్లలో పీజీపీ-మిథైల్‌ను కొంచెం కొంచెం కలుపుతూ పోయారు. కలిపినకొద్దీ బుడగలు ఉప్పులో నిలబడటం మొదలుపెట్టాయి. మీ అనుమానానికి ఇంతకంటే సూటి జవాబు నేను ఇవ్వలేను.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. రెండు ఋణావేశాలు ఉన్నాయి కాబట్టి తలలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, అందుకే పొరలు ముద్దకట్టవు అని చెప్పెయ్యాలనిపిస్తుంది. కానీ 4 మోలార్ ఉప్పులో సోడియం అయాన్లు ఆ ఆవేశాలను దాదాపు కప్పేస్తాయి. అందుకే ఆ బృందం మొగ్గింది ఆవేశం వైపు కాదు, తల లావు వైపు. లావైన తలలు అడ్డం ఉండటం వల్ల రెండు పొరలు మరీ దగ్గరికి రాలేవని వాళ్ల అభిప్రాయం. పొర అలలా కదలడం కూడా కారణం కావచ్చన్నారు. నాకు మొదటిదే సబబుగా తోస్తుంది.

సరే, ఇంకో వైపు నుంచి కూడా చూడండి. సాలినిబాక్టర్ రూబర్ అని ఒక జీవి ఉంది, స్పెయిన్ ఉప్పు మడుల్లో దొరికితే 2002లో పేరు పెట్టారు. అది నిఖార్సైన బాక్టీరియా. దాని తోకలు కొవ్వు ఆమ్లాలే. అయినా హాలోబాక్టీరియం ఈదే చిక్కటి ఉప్పులోనే దాని పక్కనే ఈదుతుంది! దాని పొరలో కూడా తల దగ్గరే విశేషం ఉంది, గంధకం చేరిన సల్ఫోనోలిపిడ్ అనే ఋణావేశపు లిపిడ్ కనిపిస్తుంది. ఈథర్ లేకుండా ఉప్పులో బతకవచ్చు, ఈథర్ ఉండి కూడా ఉప్పులో చావవచ్చు.

అయితే తోక దండగా? కాదు. నున్నటి గడ్డిపరకలను మోపు కడితే ఒత్తుగా సర్దుకుంటాయి, ముళ్లకంపను కట్టి చూడండి! మిథైల్ కొమ్మలున్న గొలుసులు అలాగే ఒకదాని పక్కన ఒకటి గట్టిగా పేరుకోవు. అందుకే పొర చల్లటి రాత్రికి గడ్డకట్టదు, మండుటెండలో జారిపోదు. మామూలు బాక్టీరియా వేడి, చలి మారినప్పుడల్లా తోకల్లో ద్విబంధాలు పెంచుకుంటూ తగ్గించుకుంటూ సతమతమవుతాయి. వీటికి ఆ అవసరం అంతగా లేదు. ఫైటానిల్‌లో ద్విబంధాలే లేవు కాబట్టి ఆక్సిజన్ వచ్చి కొరికే చోటు కూడా లేదు, నిత్యం ఎండలో ఉండే జీవికి అది చిన్న లాభం కాదు. అయాన్లు కారడం కూడా తక్కువ. కణం లోపల పొటాషియం 4 మోలార్ దాకా ఉంటుంది, బయట అంతకు తగ్గని సోడియం. ఈ తేడాను పగలూ రాత్రీ నిలబెట్టాలంటే పొర కారకూడదు. కాబట్టి పరీక్షలో ఈసారి ఇలా రాయండి: ఈథర్ తోకలు పొరను రసాయనికంగా గట్టిగా, కారకుండా ఉంచుతాయి, చిక్కటి ఉప్పులో ఆ పొర చెదరకుండా ఉండటానికి కారణం పీజీపీ-మిథైల్ లాంటి ఆమ్లపు తలలు. మార్కులు తగ్గిస్తే ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: ఇలాంటి జీవిని మంచినీళ్లలో వేస్తే పగిలిపోతుందట. నీళ్లు లోపలికి దూరి ఉబ్బి పగులుతుందనుకోవచ్చా?

జవాబు: సగం అనుకోవచ్చు. లోపల అంత పొటాషియం ఉంది కాబట్టి నీళ్లు ఎగబడి దూరే మాట నిజమే. కానీ అదొక్కటే కారణమైతే, ఉప్పు బదులు పంచదార వేసి ద్రవాభిసరణ పీడనం సమానంగా ఉంచితే కణం బతకాలి. బతకదు. ఈ సంగతి 1960ల్లోనే చూశారు. ఈ కణాలకు బయట ఎస్-లేయర్ అనే ప్రోటీన్ తొడుగు ఉంటుంది. అందులో ఆమ్ల అమైనో ఆమ్లాలు ఎక్కువ, అంటే ఋణావేశాలు కిక్కిరిసి ఉంటాయి. వాటి మధ్య సోడియం అయాన్లు ఉన్నంతకాలం తొడుగు నిలబడుతుంది. ఉప్పు తీసేస్తే ఆ ఆవేశాలు ఒకదాన్నొకటి తరుముకుంటాయి, తొడుగు ముక్కలవుతుంది. పైన చెప్పిన ప్రయోగంలో లిపిడ్ల బుడగలు ఉప్పు లేకపోయినా బాగానే ఉన్నాయి కదా. కాబట్టి ఇక్కడ నేరం లిపిడ్‌ది కాదు, ప్రోటీన్లది.

చూడటానికి ఇది చాలా బాగుంటుంది. ముందు సూక్ష్మదర్శిని కింద కడ్డీల్లాంటి కణాలు కదులుతూ ఉంటాయి. ఉప్పును పలచబరుస్తూ పోతే కడ్డీలు గుండ్రబడతాయి. ఇంకా పలచబరిస్తే మాయం. ఫ్లాస్కులో అయితే ఇంకా నాటకీయం: మసకగా, గులాబీ ఎరుపులో ఉన్న ద్రవంలో డిస్టిల్డ్ వాటర్ పోసి తిప్పగానే మసక పోయి అద్దంలా తేటపడుతుంది, రంగు మాత్రం మిగులుతుంది. ఆ మరుక్షణం పిపెట్‌తో తీయబోతే తీగలు సాగుతుంది. పగిలిన కణాల్లోంచి బయటపడ్డ డీఎన్ఏ అది. కొత్తగా చేరిన పిల్లలకు నేను పాఠం చెప్పేముందు ఇదే చూపిస్తాను.

ప్రశ్న: ఎంఎస్సీ ప్రాజెక్టులో ఉప్పు నీటి నమూనా నుంచి ఎర్ర కాలనీలు వచ్చాయి. ఆర్కియానా, సాలినిబాక్టర్ లాంటి బాక్టీరియానా అని లిపిడ్లతో తేల్చుకోవచ్చని మా గైడ్ సర్ అన్నారు. డీఎన్ఏ సీక్వెన్సింగ్‌కు పంపేలోపు చేయగలిగింది ఏముంది?

జవాబు: మీ సర్ మంచి మాట చెప్పారు. సీక్వెన్సింగ్ రిపోర్టు ఎలాగూ వస్తుంది, ఈలోపు మీ చేత్తో మీరు చూసుకున్నదానికి వేరే రుచి.

మొదట ఒక హెచ్చరిక. సెంట్రిఫ్యూజ్‌లో దింపిన కణాలను అలవాటు చొప్పున నీళ్లతో కడగకండి, కడిగితే పైన చెప్పిన తీగలే మిగులుతాయి. పెంచిన మాధ్యమంలో ఎంత ఉప్పు ఉందో అంతే ఉప్పున్న నీళ్లతో కడగండి. తర్వాత మిథనాల్, క్లోరోఫామ్, నీరు 2:1:0.8 పాళ్లలో కలిపి లిపిడ్లు లాగండి. ఇది 1959 నాటి బ్లై, డయర్ పద్ధతి. క్లోరోఫామ్ పని ఫ్యూమ్ హుడ్‌లోనే. చివరికి క్లోరోఫామ్ పొరతో పాటు ఉప్పు వచ్చేసిందేమో చూసుకోండి. ఉప్పు మిగిలితే సిలికా ప్లేటు (లిపిడ్లను వేర్వేరు మచ్చలుగా విడదీసే పలక) మీద మచ్చలు మచ్చలుగా నిలవవు, సాగిపోయి చారలవుతాయి.

ప్లేటును క్లోరోఫామ్, మిథనాల్, 90 శాతం ఎసిటిక్ ఆమ్లం 65:4:35 పాళ్లలో నడపండి. మాలిబ్డినం స్ప్రే కొడితే ఫాస్ఫేటు ఉన్న చోటల్లా నీలం తేలుతుంది. ఆర్కియా అయితే వాటిలో ఒకటి మిగతావాటిని మింగేసేంత ముదురుగా ఉంటుంది, చాలావరకు అది పీజీపీ-మిథైలే. ఇంకో ప్లేటు మీద ఆర్సినాల్, సల్ఫ్యూరిక్ ఆమ్లం కొట్టి వేడిచేస్తే చక్కెర ఉన్న లిపిడ్లు వంగపండు రంగులో బయటపడతాయి. ఆ చక్కెర మచ్చల వరస ఒక్కో ప్రజాతికి ఒక్కో రకం, అందుకే వర్గీకరణ వాళ్లకు అవంటే ప్రాణం. సోడా సరస్సుల్లో క్షారంలో పెరిగే రకాల్లో మామూలుగా ఈ చక్కెర మచ్చలు కనిపించవు. మీ ప్లేటు మీద అవి రాలేదని స్ప్రేను తిట్టుకోకండి.

అసలు తేల్చేది మాత్రం యాసిడ్ మిథనాలిసిస్. కణాలను ఆమ్లం కలిపిన మిథనాల్‌లో రాత్రంతా వేడిచేస్తే ఎస్టర్ బంధాలు తెగి కొవ్వు ఆమ్లాల మిథైల్ ఎస్టర్లు వస్తాయి. ఈథర్ బంధం దానికి లొంగదు, తోకలు రెండూ గ్లిసరాల్‌ను పట్టుకునే ఉంటాయి. ఆ ముక్క పేరు ఆర్కియాల్. ప్లేటు మీద రెండూ వేర్వేరు ఎత్తుల్లో నిలుస్తాయి. పక్కన ఈ.కోలైను కూడా నడపండి, పోల్చుకోవడానికి ఉంటుంది.

ప్రశ్న: మామూలు బాక్టీరియా చుట్టూ ఉప్పు పెరిగితే అది తన పొరలో ఏమైనా మార్చుకుంటుందా?

జవాబు: మార్చుకుంటుంది, అదీ తలల దగ్గరే. ఆవేశాలు సరిసమానంగా ఉండే ఇథనాలమీన్ తలలు తగ్గి, ఋణావేశం ఉన్న గ్లిసరాల్ తలలు, కార్డియోలిపిన్ (రెండు లిపిడ్లు జతకట్టినట్టుండే అణువు) పెరుగుతాయి. మధ్యరకం ఉప్పులో బతికే బాక్టీరియాలో ఇది ఎన్నోసార్లు కనిపించింది. మన చర్మం మీద ఉండే స్టెఫిలోకాకస్ ఆరియస్‌లో కూడా ఉప్పు పెరిగితే కార్డియోలిపిన్ పెరుగుతుంది. దారులు వేరైనా అందరూ ఒకే వైపుకు నడుస్తున్నారన్నమాట. హాలోబాక్టీరియంలో కూడా కార్డియోలిపిన్ దగ్గరి చుట్టం ఒకటి ఉంది, చక్కెరలు తగిలించుకున్న గ్లైకోకార్డియోలిపిన్. దాన్ని 2000లో ఇటలీలో ఆంజెలా కోర్సెల్లి బృందం పట్టుకుంది. ఆ పరిశోధన పత్రంలో మోరిస్ కేట్స్ పేరు కూడా ఉంది. 1960ల్లో మొదలుపెట్టిన మనిషి 2000లో కూడా అదే పొరను పట్టుకుని ఉండటం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ప్రశ్న: ఎరుపు సరే, వీటిలో ఊదా రంగు కూడా ఉంటుందని విన్నాను. రెండూ ఒకటేనా?

జవాబు: వేర్వేరు. ఎరుపు బాక్టీరియోరూబెరిన్‌ది. 50 కార్బన్ల కెరోటినాయిడ్ అది, రెండు కొసలకూ రెండేసి హైడ్రాక్సిల్స్ ఉంటాయి. పొర ఈ వైపు నుంచి ఆ వైపుకు అడ్డుకడ్డీలా సరిగ్గా పడుతుంది, పొరను బిగువుగా ఉంచుతుంది, ఎండ దెబ్బ నుంచి కాపాడుతుంది.

ఊదా రంగు బాక్టీరియోరొడాప్సిన్ అనే ప్రోటీన్‌ది. దాన్ని 1971లో ఓస్టర్‌హెల్ట్, స్టోకెనియస్ బయటపెట్టారు. మన కంటిలో ఉండే రెటినాలే ఇందులోనూ ఉంది. ఆక్సిజన్ తగ్గి వెలుగు దండిగా ఉన్నప్పుడు కణం దీన్ని తయారుచేసి పొర మీద అతుకులు అతుకులుగా పరుస్తుంది. ఆ అతుకు బరువులో 75 శాతం ప్రోటీన్, మిగతా పాతిక శాతమే లిపిడ్. ప్రోటీన్లు మూడేసి చొప్పున జట్టుకట్టి, ఆరు కోణాల వరసల్లో స్ఫటికంలా అమరి ఉంటాయి. వెలుగు పడ్డప్పుడల్లా ఒక ప్రోటాన్‌ను బయటికి నెడతాయి. ఆ ప్రోటాన్లు తిరిగి లోపలికి వచ్చే దారిలో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) తయారవుతుంది. పొర కారితే ఈ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఫ్లాస్కులో నీళ్లు పోస్తే మసక పోయినా రంగు మిగులుతుందన్నాను కదా. అందులో ఈ ఊదా అతుకులు కూడా ఉంటాయి. కణం చిన్నాభిన్నమైనా ఇవి మాత్రం చెక్కుచెదరవు. పంచదార ద్రావణం మీద పోసి అతివేగంగా తిప్పితే ఎరుపు ఒక చోట, ఊదా ఒక చోట పట్టీలుగా విడిపోతాయి. శుద్ధి చేయడం ఇంత తేలిక కాబట్టే, 1975లో హెండర్సన్, అన్విన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో దీని ఏడు మెలికలను చూడగలిగారు. పొరలోని ప్రోటీన్ ఆకారాన్ని మనిషి అలా చూడటం అదే మొదటిసారి.

ప్రశ్న: వీటివల్ల మనకు జబ్బులొస్తాయా?

జవాబు: రావు. ఉప్పు అంత లేని మన ఒంట్లో ఇవి పగిలిపోతాయి. పైగా ఇంతవరకు మనుషులకు రోగం తెచ్చే ఆర్కియా అని ఏదీ రుజువు కాలేదు.

ప్రశ్న: నేను ఫార్మసీ విద్యార్థిని. ఈ లిపిడ్లతో మందులు మోసే బుడగలు చేస్తారట కదా? మా కాలేజీలో చిన్న ప్రాజెక్టుగా చేయవచ్చా?

జవాబు: చేస్తారు. వాటిని ఆర్కియోసోములు అంటారు. మామూలు లైపోసోముల (మందులు మోసే లిపిడ్ బుడగల) లిపిడ్లను ఫాస్ఫోలైపేజ్ ఎంజైములు ఎస్టర్ దగ్గర కొరికేస్తాయి. ఈథర్ దగ్గర వాటి పళ్లు ఆనవు. ఆక్సీకరణ భయం కూడా లేదు. కెనడాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో డెనిస్ స్ప్రాట్ బృందం వీటిని వ్యాక్సిన్‌కు బలం చేర్చే పదార్థంగా వాడి ఎలుకల్లో చూసింది, మంచి స్పందన వచ్చింది. సహజ లిపిడ్ల మిశ్రమం ఎప్పుడూ ఒకే పాళ్లలో రాదు కాబట్టి తర్వాత అక్కడివాళ్లు ఆర్కియాల్‌కు సల్ఫేటు ఉన్న లాక్టోజ్ తలను విడిగా తగిలించి ఒకే రకం లిపిడ్‌తో బుడగలు చేశారు. అలా చేస్తే ప్రతి బ్యాచ్ ఒకేలా ఉంటుంది.

మీ స్థాయిలో తల మార్చే పని పెట్టుకోవద్దు. హాలోబాక్టీరియంను పెంచి, మొత్తం ధ్రువ లిపిడ్లు తీసి, బుడగలు చేసి, కార్బాక్సీఫ్లోరెసిన్ నింపి, గుడ్డు లెసితిన్ బుడగలతో పోల్చి ఏది ఎంత కారుతుందో చూడండి. ఆ వెలుగును కొలిచే ఫ్లోరిమీటర్ ఉంటే చాలు. జీవి నెమ్మదిగా పెరుగుతుంది, ఓపిక పట్టాలి. ఒకవైపు అది మేలే, అంత ఉప్పులో ఇతర క్రిములు చేరవు. స్టీలు ఫెర్మెంటర్ ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, ఆ ఉప్పు దాన్ని తినేస్తుంది, తర్వాత బిల్లు మీ మీద పడుతుంది. గాజు ఫ్లాస్కులతోనే కానిచ్చేయండి.